కొత్త కార్డు కనిపెట్టిన వంక

మా నల్లరాతిపల్లె మండలంలో వంకలూ వాగులూ ఎప్పుడు పుట్టాయో చెప్పగలిగినవాడు లేడు. ఒక్క వంక పుట్టిన తేదీ మాత్రం నాకు గంటతో సహా తెలుసు. ఏప్రిల్ పదకొండు, ఉదయం పదకొండున్నర. తహసీల్దారు ఆఫీసు కంప్యూటరుకు కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించి స్విచ్ వేసిన నిమిషం.

ఆ కార్డు ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. పైన ఎవరికో 'కళ్ళముందే పొలం' అనే పథకం తట్టింది. రైతు ఆఫీసుకొస్తే అతని చేను తెర మీద గట్లతో, చెట్లతో, ఎత్తుపల్లాలతో గిర్రున తిరుగుతూ కనబడాలి. రైతుకు తన చేను ఎట్లా ఉంటుందో తెలియదని పైవాళ్ళ అనుమానం. పాత కంప్యూటరుకు చేనును తిప్పే సత్తువ లేదు, అందుకని మండలానికొక కార్డు పంపారు. దాని వెంట ఒక సర్క్యులరు. అందులో తొమ్మిదో నిబంధన ఇది: "జారీచేయు ప్రతి పటము నకలును తహసీల్దారు స్వయముగా తెరపై గల పటముతో సరిచూచి, రెండింటికిని భేదము లేదని ధ్రువీకరించి ముద్ర వేయవలెను."

స్వయముగా సరిచూడాలంటే కుర్చీలోంచి లేవాలి. ఆ కష్టం లేకుండా ఆపరేటరు గదిలోని తెరను తెచ్చి తహసీల్దారు ఎదుటి గోడకు బిగించారు. తెర పాతది, కార్డు కొత్తది. పాత వైరు కొత్త కార్డుకు పట్టకపోతే మధ్యలో అగ్గిపెట్టెంత కన్వర్టరు తగిలించారు. పొడుగు వైరు గోడకు వేలాడితే తనిఖీలో బాగుండదని, అదే రోజు స్టోరు రూము నుంచి దించిన కూలరు వైరుతో కలిపి ప్లాస్టిక్ పట్టీలతో బిగించి కట్టారు. ఆ ఆఫీసులో అంత నీటుగా జరిగిన పని నేను మరొకటి చూడలేదు.

ఆ మధ్యాహ్నమే మా ఊరి ఓబులమ్మ పటం నకలు కోసం వెళ్ళింది. రైతు సంఘంలో అర్జీలు రాసేవాణ్ణి కాబట్టి నన్నూ రమ్మంది.

ఓబులమ్మకు మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి. మూడు వందల పది చెట్లు, తొమ్మిదేళ్ళవి. మొగుడు పోయాక ఒంటిచేత్తో పెంచింది. పాత బోరు ఫిబ్రవరిలో ఎండిపోయింది. మార్చిలో వేసిన కొత్త బోరులో ఆరు వందల ఇరవై అడుగుల దగ్గర రెండున్నర ఇంచీల నీళ్ళు పడ్డాయి. మోటారు దించింది. కరెంటు ఒక్కటే కావాలి. బోరు ఆమె సర్వే నంబరులోనే ఉందని చూపే పటం, తహసీల్దారు ముద్రతో, తెమ్మన్నారు కరెంటు ఆఫీసువాళ్ళు. నీళ్ళకూ చెట్లకూ మధ్య ఒక్క కాగితం. చీనీ చెట్టు ఎండలో ఇంకో నెలన్నర ఓర్చుకుంటుంది. ఆ తర్వాత ఓర్చుకోదు. దానికి సర్క్యులర్లు చదవడం రాదు.

ఆపరేటరు నూర్జహాన్ సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు బై రెండు తెరిచింది. తెర మీద చేను తిరిగింది. అంతలో కుడి పక్క నుంచి నాలుగు నల్లటి గీతలు వణుకుతూ వచ్చి, చేను మీదుగా పాకి, ఎడమ పక్కకు పోయాయి. వెనకే మరో నాలుగు. ప్రింటు తీస్తే కాగితం మీద గీతల్లేవు, శుభ్రంగా ఉంది.

తహసీల్దారు చిదంబరనాథ్ గారు కాగితాన్ని తెరకెదురుగా ఎత్తి పట్టుకుని చూశారు. ఆయన మాట్లాడినా ఫైలు రాసినట్టే ఉంటుంది.

"తెరపై నాలుగు గీతలు కలవు. నకలునందు లేవు."

"అవి పటంలో గీతలు కాదు సార్. తెర వణుకుతా ఉంది అంతే," అంది నూర్జహాన్.

"అది వణుకో, గీతో నిర్ణయించు అధికారము మనకు లేదు. భేదము కలదా, లేదా?"

"ఉంది సార్."

"కలదు. భేదము లేదని నేనెట్లు ధ్రువీకరింతును?"

ఓబులమ్మ తెర దగ్గరికిపోయి ముక్కు ఆనించినంత పని చేసింది. "ఈ గీతలు నా సేన్లో లేవు సార్. దినామూ సూస్తాండా గదా."

"అమ్మా, తమరు చూచునది చేను. నేను చూచునది రికార్డు."

"పోనీ సార్, నకలు మీద పెన్నుతో నాలుగు గీతలు నేనే గీస్తా," అంది నూర్జహాన్. ఆ పిల్ల ఎగతాళికే అంది. ఆయన ఆలోచించారు. స్కేలు తెప్పించారు. మొదటి గీత గీసి తలెత్తేసరికి తెర మీద గీత జానెడు ముందుకు పోయింది. మూడు కాగితాలు పాడయ్యాక స్కేలు పక్కన పెట్టి, జిల్లాకు రాయమన్నారు.

పన్నెండు రోజులకు జిల్లా నుంచి సాంకేతిక అధికారి విశ్వమోహన్ వచ్చాడు. కంప్యూటరు ఆపి వేశాడు. వేసి ఆపాడు. సెట్టింగులు మార్చాడు. గీతలు లావయ్యాయి. కార్డుకు పరీక్ష పెట్టాడు. కార్డు పాసైంది.

"పాత కార్డు పెట్టి చూడండి సార్. గీతలు పోతే సంగతేందో తెలుస్తుంది కదా," అన్నాను.

"పాతది నిరుపయోగమని ధ్రువీకరించి మూటగట్టాం. నిరుపయోగమైనది పనిచేస్తే ఆ ధ్రువీకరణ ఏమవాలి?"

"వైరు మార్చి చూద్దాం సార్," అంది నూర్జహాన్.

"పథకంలో కార్డు వరకే ఉందమ్మా. వైరు నా పరిధిలోకి రాదు."

గంటసేపు తెరను చూసి ఆయన రాసిన నివేదిక నా దగ్గర ఇప్పటికీ ఉంది. "నూతన కార్డు సామర్థ్యము పాతదానికి ఎనిమిది రెట్లు. ఇంతకుముందు కనబడనివి ఇప్పుడు కనబడుట సామర్థ్యమునకు నిదర్శనమే గాని లోపము కాదు."

బయట మెట్ల మీద కూర్చుని దాన్ని ఓబులమ్మకు చదివి చెప్పాను.

"అంటే నాయనా, ఆ గీతలు మొదట్నుంచీ నా సేన్లో ఉండాయంటాడా?"

"అదే అంటున్నాడు."

"పాత మిషనుకు కండ్లు కనపడక సూళ్ళేదంటాడు."

"అంతే."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మా అత్తకు కండ్లలో పొర వచ్చినప్పుడు గూడా ఇట్లే గీతలు కనపడేవి. ఆపరేషను చేసినాక పోయినాయి. ఈళ్ళు కొత్త కండ్లు పెట్టుకోని గీతలు తెచ్చుకున్నారే."

తెర మీద ఉన్నది నేల మీద ఎక్కడుందో తేల్చి రమ్మని మండల సర్వేయరు లోకనాథాన్ని పంపారు. అతను చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. ఎండలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెట్ల వరసల మధ్య మూడుసార్లు తిరిగాడు. చివరికి బోరు పక్కన చతికిలబడి నీళ్ళడిగాడు.

"ఏమీ లేవు అక్కా."

"అదే రాయి సామీ, నీకు పుణ్యముంటాది."

"లేవని రాస్తే తెర తప్పని రాసినట్టు. తెర తప్పంటే కార్డు తప్పు, కార్డు తప్పంటే పథకం తప్పు. నాకింకా ఆరేండ్ల సర్వీసు ఉందక్కా."

"నా సెట్లకు ఇరవై దినాలే ఉండాదప్పా," అంది ఓబులమ్మ.

లోకనాథం తల వంచుకుని గ్లాసు కింద పెట్టాడు. మరుసటి రోజు అతనిచ్చిన నివేదికలో ఒకటే వాక్యం: "క్షేత్రము రికార్డునకు అనుగుణముగా లేదు."

తప్పు చేనుదని తేలిపోయింది. ఇక ఆ గీతలు ఏమిటన్నదే మిగిలింది. చిదంబరనాథ్ గారు సిబ్బందినంతా కూర్చోబెట్టి తెర చూపించారు. గట్టేమో అన్నారొకరు. బండ్ల బాట అన్నారింకొకరు. కరెంటు తీగలని మరొకరు. ఆయన అన్నీ విని చెయ్యెత్తారు.

"గట్టు కదలదు. బాట కదలదు. మెలికలు తిరుగుచు, కుడి నుండి ఎడమకు, ఆగకుండ కదులునది లోకమున ఒక్కటే. ప్రవాహము."

ఆ రోజే రికార్డులో ఎక్కింది. సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు బై రెండులో నాలుగు పాయల వంక. వంక ఎవరి చేలో పారినా సర్కారుదే, కాబట్టి వంక పోరంబోకు. దీంతో ఒక మేలూ జరిగింది. తెర మీది గీత ఒకచోట, నకలు మీద గీత ఇంకోచోట ఉన్నా అది భేదం కాకుండా పోయింది. ప్రవాహం కదలడం సహజం కదా. ఆయన నకలు మీద పెన్నుతో నాలుగు మెలికలు గీసి, సంతోషంగా ముద్ర వేసి, అడిగిన నెలరోజులకు ఓబులమ్మ చేతిలో కాగితం పెట్టారు.

దాన్ని పట్టుకుని కరెంటు ఆఫీసుకు పోయాం. ఇంజనీరు పటం మీద వేలు పెట్టి గీతల వెంట నడిపించి బోరు దగ్గర ఆపాడు.

"ఏమ్మా, వంకలో వేసినావా బోరు?"

"ఆడ వంక లేదు సార్."

"ముద్ర ఉండాది కదా."

"ముద్ర ఉండాది. వంక లేదు."

"వంకలో బోరుకు లైను ఇస్తే నా ఉద్యోగం పోతాది తల్లీ. అయినా వంకే ఉంటే నీకు బోరెందుకు, వంక నీళ్ళు పెట్టుకోపో."

ఓబులమ్మ ఆయన్ను కాసేపు తేరిపార చూసింది. "పెట్టుకుంటా సార్. మీరు రాండి, బిందె మీరు ముంచండి."

అది మే పదమూడు. చీనీ ఆకులు దోసిలి పట్టినట్టు ముడుచుకున్నాయి. పక్క చేను పుల్లన్న వారానికొక తడి పైపు వేసి ఇస్తున్నాడు. అది సగం తోటకు కూడా చాలదు. తూర్పు పక్క వరసల్లో పదిహేడు చెట్లు అప్పటికే పుల్లలయ్యాయి. ఓబులమ్మ వాటిని నరకలేదు. రోజూ పోయి గోటితో బెరడు గీరి, లోపల పచ్చ ఉందేమోనని చూసేది.

ఆ వారంలోనే నూర్జహాన్ ఫోను చేసింది. "అన్నా, సారు భోజనానికి ఒంటిగంటకు పోతాడు. ఓబులమ్మవ్వను తీసుకుని ఆ టైముకు రా."

పోయాం. గదిలో ఎవరూ లేరు. కూలరు హోరుమంటోంది, తెర మీద నాలుగు గీతలు పాకుతున్నాయి. నూర్జహాన్ గోడ దగ్గరికి పోయి కూలరు స్విచ్ ఆపింది. రెక్కలు నెమ్మదించాయి. గీతలు పలచబడి, తెగి, పోయాయి. చేను కడిగిన పళ్ళెంలా నిలబడింది.

"రెండు వైర్లు కలిపి కట్టినారు కదన్నా. కూలరు మోటారు గోలంతా తెర వైర్లోకి ఎక్కుతోంది. వైరు విడిగా లాగితే సరి. కత్తెర కూడా తెచ్చినా."

ఓబులమ్మ నేల మీద కూర్చుండిపోయింది. "ఇంతేనా పాపా."

"ఇంతే అవ్వా."

ఆ పిల్ల చేసిన తప్పల్లా ఒకటే. సారు వచ్చాక చెప్పి, అనుమతి తీసుకుని కత్తిరిద్దామనుకుంది.

చిదంబరనాథ్ గారు వచ్చి చూశారు. స్విచ్ వేయించారు, వంక వచ్చింది. ఆపించారు, వంక పోయింది. "మరియొక మారు," అన్నారు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. నూర్జహాన్ కత్తెర చేతికి తీసుకుంది.

"కత్తిరించేదా సార్?"

"ముట్టరాదు." ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. "వంక రికార్డునకెక్కినది. జిల్లాకు నివేదించబడినది. దానికి నంబరు కూడ వచ్చినది. ఇప్పుడది కనబడకపోయినచో పైవారు అడుగు ప్రశ్న ఏమి?"

నూర్జహాన్ కత్తెర కింద పెట్టింది.

"ప్రభుత్వ వంకను ఎవరు పూడ్చిరి అని అడుగుదురు. పూడ్చినది ఈ స్విచ్చు. స్విచ్చు నొక్కినది నీవు. లబ్ధి పొందునది ఈమె. సాక్షి ఈ రైతు సంఘము వాడు."

సాయంత్రానికి నూర్జహాన్ చేతికి మెమో వచ్చింది. కూలరు స్విచ్చును ఆన్‌లో ఉంచి, దాని మీద లక్కతో సీలు వేశారు. పక్కన కాగితం అంటించారు: "వంక సంరక్షణార్థము ఈ కూలరును ఏ వేళయందును ఆపరాదు." అటెండరు రోజుకు పదహారు బిందెల నీళ్ళు తెచ్చి కూలర్లో పోయాలని పని వేశారు. బయట నలభై మూడు డిగ్రీల ఎండ. లోపల చిదంబరనాథ్ గారు శాలువా కప్పుకుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని, ముక్కు చీదుకుంటూ ఫైళ్ళు చూసేవారు. నేను పోయినప్పుడల్లా ఆ పదహారు బిందెలు లెక్కపెట్టి, ఒక్కో చెట్టుకు రెండేసి బిందెలైతే ఎనిమిది చెట్లు బతికేవి కదా అనుకునేవాణ్ణి. మనసులో అనుకోలేదు, గట్టిగానే అన్నాను. నాకూ మెమో ఇవ్వమన్నారట. నేను ఉద్యోగిని కాదని గుర్తొచ్చి ఆపేశారు.

ఇదిలా ఉండగా జిల్లాలో మా వంక మొనగాడైపోయింది. గ్రాఫిక్స్ కార్డు ద్వారా కనుగొనబడిన తొలి వంక అన్నారు. పథకం ప్రత్యేకాధికారి స్వయంగా వచ్చి చూస్తారని ఉత్తరం వచ్చింది. రాక మే ఇరవై ఆరున. కింద ఒక వాక్యం: "తెరపై ప్రవాహము కనబడుచున్నందున, క్షేత్రమునందును ప్రవాహమును ప్రత్యక్షముగా చూపవలెను."

తహసీల్దారు జీపు ఓబులమ్మ తోట దగ్గర ఆగడం అదే మొదటిసారి. మఫ్లరు విప్పకుండానే దిగారు. వెనక లోకనాథం.

"అమ్మా, తమరు సహకరించవలెను. వంకలో నీరు పారవలెను. టాంకర్లు నేను పంపెదను. అయితే నాలుగు పాయలు పటములో ఉన్నట్లే పారవలెను. లేనిచో భేదము కనబడును."

ఓబులమ్మ నా మొహం చూసింది. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"యాడ పారాలనో నేను సూపిస్తా సార్. నా సేన్లో వంక నాకు తెల్దా."

రెండు రోజులు పార పట్టింది. చెట్టు చెట్టుకూ పాది తవ్వింది, పాదికీ పాదికీ మధ్య కాలువ తీసింది. పుల్లన్న, నేను, మరో నలుగురం చెయ్యి వేశాం. ఇరవై ఆరు పొద్దున ఎనిమిది టాంకర్లు వరసగా వచ్చి నిలిచాయి. ఓబులమ్మ కొంగు నడుముకు దోపి ముందు నడిచింది.

"ఈడ ఇప్పు పైపు. ఇట్ల పోతాది మీ వంక. ఈ సెట్టు కాడ తిరుగుతాది. సుట్టూ తిరుగుతాది సార్, తొందరపడాకండి, నిదానంగా పారే వంక ఇది. మల్ల ఆ వరసకు పోతాది."

చిదంబరనాథ్ గారు అనుమానంగా చూశారు. "లోకనాథం, పటములో వంక ప్రతి చెట్టు చుట్టును తిరుగునా?"

లోకనాథం పటం విప్పాడు. వణుకుతున్న నాలుగు గీతలను చూశాడు. తడిసి నల్లబడుతున్న పాదులను చూశాడు. తూర్పు పక్క ఎండిన పుల్లలను చూశాడు. పటం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అచ్చం ఇట్లే తిరుగుతుంది సార్. భేదం లేదు."

పదకొండు గంటలకు ఫోను వచ్చింది. ప్రత్యేకాధికారికి వేరే మీటింగు పడింది, రాక వచ్చే వారానికి వాయిదా. వచ్చే వారానికి వంక ఇంకిపోతుంది కదా. మళ్ళీ ఎనిమిది టాంకర్లు. ఆ వారమూ రాలేదు. మూడోసారి ఎనిమిది. చివరికి రానక్కర్లేదు, ఫోటో చాలన్నారు. ఫోటోలో మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి తహసీల్దారు గారు వంకలో నిలబడ్డారు. అది ఓబులమ్మ తోటలో అన్నిటికన్నా పెద్ద పాది.

జూన్ నడిమికి వానలు పడ్డాయి. తోటలో ముప్ఫై ఆరు చెట్లు పోయాయి. తక్కినవి చిగుళ్ళు వేశాయి.

జులై ఒకటిన స్టోరు గుమాస్తా వచ్చి కూలరు తీసుకుపోయాడు. సీలు ఉందంటే వినలేదు. జూన్ ముప్ఫై దాటితే కూలర్లన్నీ స్టోరులో ఉండాలన్నది తహసీల్దారు కన్నా పై అధికారి సంతకంతో ఇరవై ఏళ్ళుగా ఉన్న ఉత్తర్వు. లక్క ముద్ర గోడకు ఉండిపోయింది, ప్లగ్గు ఊడి వచ్చింది. తెర మీద చేను గిర్రున తిరిగింది. ఒక్క గీత లేదు.

నూర్జహాన్ ఆ నిమిషమే ప్రింటు తీసి సారు ముందు పెట్టి, పక్కన ముద్ర, ఇంకు ప్యాడు కూడా పెట్టింది. ఆయన కాగితాన్ని తెరకెదురుగా చాలాసేపు ఎత్తి పట్టుకున్నారు. తలకిందులుగా కూడా చూశారు.

"భేదము," అన్నారు.

"లేదు సార్," అంది నూర్జహాన్. "తొమ్మిదో నిబంధన సార్."

ముద్ర పడింది. ఎనిమిది రోజులకు కరెంటు వచ్చింది. మోటారు వేసిన రోజు ఓబులమ్మ పైపు నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, నీళ్ళు తన్నుతుంటే చిన్నపిల్లలా పట్టుకుని నిలబడింది.

ఆగస్టులో నోటీసు వచ్చింది. "సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు బై రెండునందలి ప్రభుత్వ వంక జులై ఒకటి నుండి తెరపై కనబడుట లేదు. తమరు సదరు వంకను పూడ్చినట్లు భావించవలసి వచ్చుచున్నది. ఏడు దినములలో యథాస్థితికి తేనిచో చర్య తీసుకొనబడును."

జవాబు రాద్దామని నేను కాగితం తీశాను. వద్దంది. నేరుగా ఆఫీసుకు పోయి, చిదంబరనాథ్ గారి ఎదుట నిలబడింది.

"అమ్మా, వంక ఎక్కడ?"

"యాడికీ పోలేదు సార్. మీ స్టోరు రూములోనే ఉండాది. ఏప్రిల్‌లో దించుతారు గదా, అప్పుడు మల్ల పారతాది."

ఆయన ఆ మాటను వాంగ్మూలంగా రాయించి ఆమె సంతకం తీసుకున్నారు. తర్వాత లోకనాథాన్ని పిలిచి, స్టోరు రూమును కొలిచి వంక పోరంబోకులో చేర్చమని పురమాయించారు.